మునిరామయ్య గారి రెండో మరమ్మతు

శ్రీ మునిరామయ్య గారు 1989 జూన్ 12వ తేదీన చిత్తూరు బస్సు డిపోలో సహాయ మెకానిక్‌గా విధుల్లో చేరారు. చెప్పిన పని చేయడంతో ఆగక, ఎందుకలా చేయాలని అడిగే అలవాటు వల్ల పై అధికారులకు కొంత విసుగునూ, డిపోకు ఎంతో మేలునూ కలిగించారు.

1998లో తిరుపతికి బదిలీపై వచ్చి, కొండ మీదికి తిరిగే బస్సుల మరమ్మతులు చూస్తూ, 2012లో గ్యారేజీ ఫోర్‌మన్ అయ్యారు. బాగుచేసిన బండి అదే లోపంతో తిరిగి వస్తే, పైపైన సరిచేసి పంపడానికి ఆయన ససేమిరా ఒప్పుకునేవారు కారు. ఎవరినీ తప్పుపట్టకుండా, ఆ భాగాన్ని మళ్లీ మొదటి నుంచి విప్పించేవారు.

తన కడుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నియమం సడలింది. వేళకు తినక, మోకాళ్ల నొప్పికి మాత్రలు తానే కొని మింగుతూ తెచ్చుకున్న కడుపు పుండుకు 2009లో శస్త్రచికిత్స జరిగింది. తగ్గిందనుకుని ఆ మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. 2018లో పుండు తిరగబెట్టింది. లోపల రక్తం కారుతోందని, మందులకు ఆగడం లేదని, కడుపులో కొంత భాగం తీసివేయకపోతే ప్రాణానికే ముప్పని వైద్యులు చెప్పారు. ఒకసారి కోసిన చోట మళ్లీ కత్తి పెడితే ఇక లేవనన్న భయంతో ఆయన అంగీకార పత్రం మీద సంతకం చేయలేదు.

ఆసుపత్రికి చూడవచ్చిన గ్యారేజీ మెకానిక్ గురప్ప మంచం పక్కన నిలబడి, "ఏం సార్, ఇంటికి పోతానంటుండారంట?" అన్నాడు.

"అవునప్పా. మజ్జిగ తాగి, మాత్రలేసుకుని నెట్టుకొస్తా."

"ఆయిలు కారే బండికి ఇంత ఆయిలు పోసి నేను కొండకు పంపితే మీరు ఊరుకుంటారా?"

"బండీ నేనూ ఒకటేనా?"

"బండైతే ఈపాటికి విప్పించుంటారు సార్."

ఆయన సతీమణి శ్రీమతి కోమలి గారు, "రెండు దినాలుగా నేను సెప్తానే ఉండా గురప్పా. నీ మాటయితే ఎక్కుతాదేమో సూడు" అన్నారు.

మునిరామయ్య గారు లేచి కూర్చుని, "ఆ కాగితం ఈడికి తెమ్మను" అన్నారు.

శస్త్రచికిత్స సఫలమైంది. ఆ తరువాత కొంచెం కొంచెంగా పలుమార్లు తినవలసి రావడంతో, గ్యారేజీలో ఆయన అన్నం డబ్బా మూత తీస్తే తక్కినవారూ చేతులు కడుక్కోవడం ఆనవాయితీ అయింది. నొప్పి మాత్ర మింగబోయేవారిని ఆయనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లేవారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మునిరామయ్య గారు, కోమలి గారు వడ్డించిన వేళకు స్థిమితంగా కూర్చుని భోంచేస్తూ, మళ్లీ ఎవరూ వచ్చి ఒప్పించవలసిన అవసరం లేనంత ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ ఉండాలని డిపో కుటుంబాలన్నీ మనసారా కోరుకుంటున్నాయి.