పదమూడో ఎక్కం

వడ్రంగి కొట్టు. వెనకగది తలుపు ఓరగా తీసి ఉంది. కొట్టు యజమాని, అతని చెల్లెలి మొగుడు.

"నిన్న సాయంత్రం నుంచి పదహారు మెసేజీలు పెట్టాను బావగారూ. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోను ఆపేసుకుంది."

"పదహారే! పాపం, వేళ్ళు వాచిపోయుంటాయి. బావా, మీ ఇంటికీ నా కొట్టుకీ ఎంత దూరం?"

"మూడు వీధులు."

"వీధికి అయిదు చొప్పున, పైన ఒకటి కొసరు. మరి కాళ్ళెందుకయ్యా నీకు, ఫోనుకి స్టాండు కిందా?"

"ఎగతాళి తర్వాత చేద్దురు గాని. మీ చెల్లెలు లోపలుందా, లేదా?"

"ఉంది. ముందు ఈ చెక్క పట్టుకో."

"నేను చెక్క పట్టుకోడానికి రాలేదు..."

"రెండు చేతుల్తో. ఆఁ, అలా. గట్టిగా. వదిలావంటే రంపం నా మోకాల్లో దిగుతుంది. అప్పుడు నా చెల్లెలు ఈ జన్మకి నీ మొహం చూడదు."

"బావగారూ, ఫోను మోగుతోంది."

"మోగనీ. నీకు చేతులు ఖాళీ లేవుగా. చూశావా, చేతులకి పనిబడితే తల దానంతటదే పైకి లేచింది. నీకు మీసం ఉందని నాకివాళే తెలిసింది."

"ఆఫీసు నుంచి అయ్యుంటుంది."

"ఏముంటుందయ్యా? ఎవడి ఫ్రిజ్జో చల్లబడలేదు. 'మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, మీ సమస్య మాకెంతో ముఖ్యం.' అదేగా నీ ఉద్యోగం?"

"రోజుకి మూడొందల మందికి జవాబివ్వాలి. తేలికనుకుంటున్నారా?"

"మూడొందల ఒకటో మనిషి మీ ఇంట్లో ఉంది. మొన్న జ్వరమొచ్చిందని అది రాసి పంపితే ఏం రాశావు?"

"అదీ... పనిలో ఉండి..."

"ఏం రాశావూ అని."

"'మీ ఓపికకు ధన్యవాదాలు' అని. పొరపాటున బావగారూ! మొదటి అక్షరం నొక్కితే మిగతాది అదే వచ్చేస్తుంది."

"మరి సంసారం కూడా దాన్నే చెయ్యమనకపోయావా? చెక్క వంకరపోతోంది, సరిగ్గా పట్టు."

"అసలు మా మధ్య ఏ గొడవా లేదు. ఒకరినొకరం ఒక్క మాట అనుకోలేదు."

"అదేగా జబ్బు! అసలు మాటే లేనిచోట మాటా మాటా ఎలా పెరుగుతుంది?"

"కనీసం చెప్పి రావచ్చుగా. చెప్పకుండా వచ్చేసింది. అదీ నా బాధ."

"చెప్పానంటోంది."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. నువ్వు సరేనన్నావట కూడా."

"నేనా? నేనేం అన్లేదు! ఒట్టు!"

"అంతకు మించి రాత్రి నుంచి నేనేమడిగినా ఒకటే జవాబు. ఆయన ఫోనులోనే ఉంది, వినమను అని. ఏ జేబులో ఉంది? నువ్వు కదలకు, నేనే తీస్తా. దీని తాళమెక్కడ?"

"నా మొహం చూపిస్తే తెరుచుకుంటుంది."

"ఇటు తిరుగు. అబ్బ, ఎంత తొందరగా గుర్తుపట్టిందీ! రోజంతా దానికే చూపిస్తావుగా ఈ మొహం. మా చెల్లెలికైతే ఆధార్‌ కార్డు కావాలి. ఇదేనా నిన్నటిది? నొక్కుతున్నా. ఇదేమిటయ్యా, మా చెల్లెలు ఎలకపిల్లలా కీచుమంటోంది?"

"రెండింతల స్పీడులో ఉంది. మామూలుగా వింటే టైం పడుతుంది."

"రెండు నిమిషాలది ఇది. ఒక్క నిమిషం చేసుకున్నావన్నమాట. మిగిలిన ఆ నిమిషంతో ఏం కట్టించావు, మేడా?"

"ఆ మూల నొక్కితే మామూలుగా వస్తుంది."

"'ఏమండీ... పదమూడు ఒకటి పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు. పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది...'"

"ఏమిటిది?"

"నన్నడుగుతావేం? నీ ఫోను, నీ పెళ్ళాం. ఆగు, మొన్నటిది చూద్దాం."

"'ఏమండీ... పదమూడు ఒకటి పదమూడు...'"

"అటుమొన్నటిదీ అదే. దాని ముందుదీ అదే. ఓరి నాయనో! ఎక్కం, బావా! వరసపెట్టి పదమూడో ఎక్కం! దీని కింద నువ్వేం పెట్టావు? బొటనవేలు బొమ్మ. దీని కింద? బొటనవేలు. దీని కింద... 'సరే, నీ ఇష్టం.' ఎక్కానికి 'నీ ఇష్టం' ఏమిటయ్యా? పదమూడు నాలుగులు మా చెల్లెలి ఇష్టమొచ్చినంతా?"

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయవి?"

"పైకి తోస్తున్నా ఉండు. నలభై రోజులు! నలభై రోజులు నీకు ఎక్కం ఒప్పజెప్పింది, నువ్వు మాస్టారిలా వేలెత్తి పాసు చేశావు."

"మొదట్లో 'ఏమండీ' అంటుంది కదా... నేను అక్కడిదాకా వింటాను."

"'ఏమండీ' దాకా! శభాష్! దండ తెమ్మంటావా?"

"సాయంత్రం వస్తూ ఏం తేవాలో చెబుతోందనుకున్నా. ఎటూ ఇంటికెళ్ళాక చెబుతుంది కదాని..."

"ఇంటికెళ్ళాక విన్నావా మరి?"

"లేదు."

"అబద్ధమాడినా బాగుండేది. ఇన్ని ఎక్కాలుండగా ఈ పదమూడోదే ఎందుకు పట్టుకుందో మహాతల్లి! అది రాకే నేను అయిదో తరగతిలో గోడ దూకి బడి మానేశాను. ఇప్పటికీ ఎవరన్నా పదమూడు ఒకటి అన్నారంటే నా అరచేతులు చురుక్కుమంటాయి. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ ఏడిపిస్తారు."

"బావగారూ, నిన్నటిది చివరిదాకా పెట్టండి."

"నీకే? చివరిదాకా? టైం పడుతుందయ్యా."

"పెట్టండి."

"'...పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు. పదమూడు పదులు నూట ముప్ఫై. ఏమండీ, నేను వెళ్ళిపోనా?'"

"కింద ఏముంది? చదువు. కళ్ళల్లో రంపప్పొట్టు పడిందా?"

"బొటనవేలు."

"అడిగింది. ఒప్పుకున్నావు. ఇంక నా కొట్టుకొచ్చి చెప్పకుండా వచ్చేసిందని గోలేమిటి?"

"ఇంకోసారి పెట్టండి."

"ఎందుకు? మళ్ళీ వేలు పెడతావా?"

"కాదు. గొంతు... గొంతు బొంగురుపోయి ఉంది. జ్వరం ఇంకా తగ్గలేదా బావగారూ?"

"రాత్రి తగ్గింది. నలభై రోజులకి ఒక్క మంచిమాట అడిగావు. సన్నాసీ, మనుషులతో ఎలా ఉండాలో నన్ను చూసి నేర్చుకో. నా దగ్గర లేదా ఫోను? పొద్దున లేవగానే నూట పాతిక మందికి పువ్వులు పంపుతా. మధ్యాహ్నం జోకులు. ఎవరేం పెట్టినా నిమిషంలో జవాబు కొట్టాల్సిందే. నీలా చచ్చుపుచ్చు బొటనవేళ్ళు కాదు, పకపకా నవ్వే బొమ్మలు. నావల్ల ఏనాడూ ఎవరూ మొహం ముడుచుకోలేదు, తెలుసా?"

"అన్నయ్యా, ఆయన పట్టు జారుతోంది. చెక్క అందుకో."

"వచ్చావా తల్లీ! తలుపు వెనక నించుని అంతా విన్నావా? ఎలా కడిగానంటావ్?"

"విన్నాను. మీరిలా రండి. చేతికి పేడు గుచ్చుకుందా?"

"అదేం లేదు. నేను... నాకేం చెప్పాలో..."

"ఇప్పుడేం చెప్పకండి. దారిలో చెబుదురు గాని. మూడు వీధులుంది కదా."

"ఏమిటే, అప్పుడే వెళ్ళిపోతావా? నేనింకా ఈయన్ని సగం కూడా కొయ్యందే!"

"చాలన్నయ్యా. ఇంతసేపు నా గొంతు విన్నారు, ఎక్కంతో సహా. ఏవండీ, మీ ఫోను?"

"మీ అన్నయ్య చేతిలో ఉంది. ఉండనీ. రేపొచ్చి తీసుకుంటా."

"అబ్బో! వెళ్ళండి, వెళ్ళండి. నా పుణ్యమాని బాగుపడ్డారు. ఒసే, ఒక్కటి చెప్పి పో. పదమూడో ఎక్కమే ఎందుకే?"

"నీ కోసమే."

"నా కోసమా?"

"ఈయనకంటే ముందు నీకే పెట్టాను. 'అన్నయ్యా, ఇంట్లో ఊపిరాడట్లేదు, ఒకసారి వచ్చి వెళ్ళవా' అన్నాను. పువ్వు పంపావు. మళ్ళీ అడిగాను. జోకు పంపావు. పదమూడో ఎక్కమైతే ఉలిక్కిపడి పరిగెత్తుకొస్తావనుకుని, అది చదివి చివర్న నన్ను తీసుకుపో అని చెప్పాను. ఈయన అసలు వింటారా అని అదే ఎక్కం ఈయనకీ పెట్టింది తర్వాత."

"నాకా? ఎప్పుడే? నేను... నేనేం పెట్టాను?"

"వినకుండానే నవ్వే బొమ్మలు. రోజుకి నాలుగు. పదమూడు రోజులు చూశాను. పదమూడు నాలుగులు ఎంతో నువ్వే చెప్పుకో అన్నయ్యా."