గొర్లను లెక్కవెట్టని ఇల్లు

ఓదెలని కురుమాయన ఉండె, మా అవ్వగారూరుల. గొర్లకాపరి. నీ మందల ఎన్ని గొర్లున్నయే అంటే చెప్పడు. చెప్పుడేంది, ఆయనకే తెల్వదు. నవ్వకుండ్రి, వాళ్లిండ్లల్ల గొర్లను లెక్కవెట్టరు, లెక్కవెడితే దిష్టి తగుల్తదని. మరి ఒకటి తప్పిపోతే ఎట్ల ఎరుకైతది అంటరా? మొకాలు చూస్తడు. చెవి చీలింది రాలే, నల్లమూతిది రాలే అని దొడ్డి కాడ నిలవడి చెప్తడు. అసొంటాయనకు పెండ్లాం పోయింది, బిడ్డ పోయింది, అల్లుడు ఇంకో పెండ్లి చేసుకొని ఎటో పోయిండు. మిగిలింది ఒక్క మనుమరాలు, సరూప.

ఇగ ఏమైందంటే, ఆ పిల్ల ఒకటో తరగతిల నూరు దాంక అంకెలు నేర్చింది. సంబురం పట్టలేక పొద్దుగాల్నే దొడ్డి కాడ నిలవడి, ఎల్లే ఒక్కో గొర్రె దిక్కు వేలు వెట్టి ఒకటి రెండు అని గట్టిగ లెక్కవెట్టిందంట. సరిగ్గ వారానికి నీలినాలుక రోగం వచ్చింది అనుకో. మూతులు వాచినయి, మేత ముట్టవు, ఏడెనిమిది గొర్లు పడ్డయి. ఓదెలు కడుపు మండి, నీ నోరు పాడుగాను, నువ్వు లెక్కవెట్టవట్టే కదనే సచ్చినయి అన్నడు. అన్నడు, మరిచిపోయిండు. పెద్దోళ్లం గట్లనే ఉంటం. పిల్ల మరువలే. ఆ దినం నుంచి అంకె నోట్లకెళ్లి రాదు. తొమ్మిదో తరగతి దాంక ఎట్లనో తోసుకచ్చిండ్రు గని, పదో తరగతి తోస్తే పోయేది కాదాయె. బడిల ఎనుక బెంచి మీద ఒక్కతే కూసుంటది. మొద్దని పక్కన ఎవ్వరు కూసోరు. ఇంటికొస్తే తాత మందతోని గుట్టకు పోయుంటడు. ఈడ పిల్ల ఒంటరి, ఆడ ముసలాయన ఒంటరి, ఒక్క కప్పు కిందనే ఉంటరు మళ్ల.

పరీక్షలు రెండు నెల్లున్నయనంగ సారు దొడ్డి కాడికే వచ్చిండు. సార్లు తక్కువ, లెక్కలు సైన్సు రెండూ ఆయనే చెప్తడు. తాతా, రెండిట్ల తప్పుతది, తప్పిందంటే సదువు ఇంతే సంగతి అన్నడు. నిజం చెప్తున్న, ముసలాయనకు లోపల సంతోషమే అయిందంట. బడి బందైతే మంద ఎనుక వస్తది, గుట్ట మీద ఒక మనిషి మాట ఇనవడ్తది అని. పాపమే, గని ఒక్కడే ఉండి ఉండి యాష్టకొచ్చిండు. అప్పుడు సారు సంచిలకెళ్లి ఒక కాయితం తీసిండు. రోగాలు ఎట్ల వస్తయని మొన్నటి బడి పరీక్షల అడిగితే ఏం రాసిందో ఇను అని చదివిండు: రోగాలు లెక్కపెట్టడం వలన వచ్చును, మా గొర్లు నేను లెక్కపెట్టినందుకు చనిపోయినవి, మా తాత చెప్పినాడు. ఓదెలు కర్ర ఇడిసి అట్లనే కింద కూసున్నడంట. తొమ్మిదేండ్లు మోసిందా సారూ నేనన్న మాట, అన్నడు.

తెల్లారి దొడ్డి తలుపు తీసి పిల్లను పక్కన నిలవెట్టుకున్నడు. ఒకటి అన్నడు. వద్దు తాతా అని పిల్ల చెయ్యి వట్టింది. రెండు అన్నడు. పుట్టి బుద్దెరిగి మందను లెక్కవెట్టనోడు, ఒక్కొక్కటే అనుకుంట పోయిండంట. ఇరవై దాంక వచ్చి ఆగిండు, ఆ పైన ఆయనకు రాదు. ఇరవై మీద ఏందే బిడ్డా అన్నడు. తలుపు సందుల గొర్రె సగం ఎల్లి నిలవడ్డది, ఎనుక మందంత మొత్తుకుంటుంది, ముసలాయన కదలడు. ఆఖరికి పిల్ల, ఇరవై ఒకటి అన్నది. నలభై మూడు తేలినయి.

ఇగ దినాం ఇద్దరు లెక్కవెట్టుడే, భయం భయంగనే. ఆరో నాడు ఒక గొర్రె సచ్చింది. పిల్ల మొకం తెల్లవోయింది. ఓదెలు దగ్గరికి తీసుకొని, దాని పండ్లు చూడు, ఒక్కటన్న ఉందా? ముసల్దై సచ్చింది. నీతోటి కాదు బిడ్డా. అప్పుడు గూడ నీతోటి కాదు, నా పాడునోరు అన్న మాట గది. ఇప్పుడు లెక్కలకెళ్లి ఒకటి తీసెయ్యి అన్నడు. నలభై రెండు, అని ఏడ్చింది పిల్ల. ఆ మర్నాటి నుంచి బడి ఇడిసినంక సారు కాడ కూసోని లెక్కలు నేర్చుకున్నది.

పాసైందా అంటరా? అయింది, సైన్సుల గూడ గట్టెక్కింది. లెక్కలల్ల సరిగ్గ ముప్పై ఐదు, ఒక్కటి ఎక్కువ లేదు. గదేమంత గొప్ప గాదు. పిల్ల పట్నంల హాస్టలుకు పోయింది, ముసలాయన మళ్ల గుట్ట మీద ఒక్కడే. గని గొర్లను లెక్కవెడితేనే దిష్టని భయపడ్డోడు, ఏ దిష్టికీ భయపడకుండ ఇల్లిల్లు తిరిగి, మా సరూపకు ముప్పై ఐదు అని చెప్పిండంట. మా అవ్వగారింటికైతే రెండుసార్లు వచ్చిండు. ఇంటికి పోతే మాత్రం ఎవ్వరున్నరు ఆయనకు, రెండోసారి గూడ మావోళ్లు కొత్తగ ఇన్నట్టే ఇన్నరు.