ఎనభై రెండో పేజీ

మధ్యాహ్నం వేళ, ఒంటిగది ఇల్లు. చెల్లెలు బల్ల దగ్గర నిలబడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. చూపు దాదాపు పోయిన కవి, ఆమె అన్న, చాలా ఏళ్లకు వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

“మాట మార్చకు చిన్నీ. పుస్తకం అందిందా, లేదా?”

“అందింది అన్నయ్యా. పదకొండేళ్లయింది. పెట్టెలో ఉంది. నీ పుస్తకాలన్నిటికీ అట్టలు వేశాను. ఒక్క పేజీ నలగలేదు.”

“నలగలేదంటే తియ్యలేదనేగా.”

“అదేం మాట. కాస్త టీ పెట్టనా?”

“వద్దు. ఇదివరకు ఏ పుస్తకం పంపినా పదిహేను రోజుల్లో నీ ఉత్తరం వచ్చేది. ఇది బాగుంది, అది బుర్రకెక్కలేదు అని. దీనికి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కోపం వచ్చిందనుకున్నా. రావాల్సిందేలే అనుకున్నా.”

“కోపమేంటి... ఆ ఏడే మా ఆయన పోయారు.”

“తెలుసు. అప్పుడూ రాలేదు నేను. అమ్మ పోయినప్పుడూ రాలేదు. ఎక్కడో నిలబడి స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ ఉండేవాణ్ణి.”

“నీకు సభలుండేవిగా.”

“సభలు. ఇప్పుడు అద్దె గదిలో గోడ పట్టుకుని నడుస్తున్నా. నేను రాసింది నేనే చదువుకోలేను. చూపు ఇక తిరిగి రాదనేశాడు డాక్టరు. నాన్న ఇస్త్రీ కొట్టు గుర్తుందా నీకు?”

“గుర్తు లేకేం.”

“తెల్లారకుండానే లేపేవాడు, బొగ్గులు రాజెయ్యమని. మడత వంకర పోతే వేడి ఇస్త్రీపెట్టె అంచు మోచేతికి తగిలించేవాడు. నేను రాసుకున్న కాగితాలు ఆ బొగ్గుల్లోనే వేశాడు. మనకి తలరాతేగాని చేతిరాత ఎందుకురా అన్నాడు. ఆ మర్నాడు పొద్దున్నే దొడ్డి గుమ్మంలోంచి జారుకున్నా. పదహారేళ్లు నాకు. నువ్వు లేచి చూశావు, ఏడేళ్ల పిల్లవి.”

“ఎక్కడికన్నయ్యా అనడిగాను.”

“ఇప్పుడే వస్తా, పడుకో అన్నాను. ఆ ఒక్క మాట మీద ముప్ఫై కవితలు రాసుంటా. అన్నిట్లో నేనే మొనగాణ్ణి. వెళ్లిన కొత్తలో అచ్చాపీసులో చిత్తు కాగితాల మీద పడుకునేవాణ్ణి, ఆకలేస్తే కొళాయి నీళ్లు తాగేవాణ్ణి. అయినా పాడుకునేవాణ్ణి, ఎవరూ నన్ను లేపరు కదా అని. స్వేచ్ఛంటే అంతే అనిపించేది. ఇప్పుడూ ఎవరూ లేపరు చిన్నీ. లేచినా పగలో రాత్రో తెలీదు.”

“అలా అనకన్నయ్యా.”

“ఆ చివరి పుస్తకంలో ఒక్క చోట నిజం రాశాను. ఎనభై రెండో పేజీ. తీసి చదువు.”

“ఎందుకులే ఇప్పుడు.”

“నీ నోట వినాలి. మూడు బస్సులు మారి, ఎదురైనవాడి చెయ్యల్లా పట్టుకుని వచ్చాను అందుకే.”

“కళ్లజోడు ఎక్కడ పెట్టానో...”

“కళ్లజోడు లేకుండానే ఇస్త్రీ చేస్తున్నావా?”

“ఈ చొక్కా సాయంత్రానికి ఇవ్వాలన్నయ్యా.”

“క్షమించకపోతే మానెయ్. కాని చదివి మానెయ్. ఇంత బతుకూ బతికితే మిగిలింది ఆ పేజీ ఒక్కటే. అది కూడా నువ్వు చదవనంటే నేనెందుకు బతికినట్టు?”

“ఏం రాశావో నోటితోనే చెప్పు. వింటాను.”

“అమ్మ పోయినప్పుడు నాకు కబురు అందింది. అందలేదని నీతో అబద్ధం చెప్పాను. ఆ రోజు చప్పట్ల మధ్య నిలబడి ఉన్నాను. అదీ రాసింది. నన్ను క్షమించమని.”

“అదా. అది నాకు అప్పుడే తెలుసు. కబురు తెచ్చినతను చెప్పాడు, నీ చేతికే ఇచ్చానని. ఏడ్చాను, ఊరుకున్నాను. అదెప్పుడో మనసులోంచి తీసేశాను.”

“మరి జవాబెందుకు రాయలేదు?”

“రాసేవాళ్లు లేక.”

“అంటే?”

“నీ పుస్తకాలు ఆయన చదివి వినిపించేవారు. నేను చెబుతుంటే ఉత్తరాలు ఆయనే రాసేవారు. ఆయన పోయిన నెలకి ఈ పుస్తకం వచ్చింది. విప్పి, చేత్తో తడిమి, పెట్టెలో పెట్టాను. పక్కవాళ్లను అడుగుదామంటే... కవిగారి చెల్లెలికి అక్షరం ముక్క రాదని ఎలా చెప్పను?”

“నీకు చదువు రాకపోవడమేంటి? పలక పట్టుకుని బడికి వెళ్లేదానివి, నేను చూశాగా. ఎప్పుడు మానేశావు?”

“పోనీలే అన్నయ్యా.”

“ఎప్పుడు చిన్నీ?”

“నువ్వెళ్లిన రోజే. నాన్న నిన్ను వెతకలేదు, నన్ను కొట్టనూ లేదు. కొట్లో నీ ఇస్త్రీ బల్ల ముందు పీట వేసి, దాని మీద నన్ను నిలబెట్టాడు. అప్పటికి నాకు గుణింతాలు సగమే వచ్చు.”