గాజు దొరికిన వార్త

శంషాబాద్‌లో ఓ కిరాయి ఇల్లు. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేసే ఎస్తేరమ్మ ఆ రోజు డ్యూటీ మధ్యలోనే తిరిగొచ్చి, ఫోన్ పట్టుకుని గడప దగ్గర కూలబడింది. కాసేపటికి కూతురు జెన్నిఫర్ రొప్పుకుంటూ వచ్చింది.

"ముందుగాల ఆ ఫోన్ బంజెయ్యి అమ్మా."

"ఉండనియ్ జెన్నీ. ఇంకోపారి ఇంట."

"ఎన్నిసార్లు ఇంటవ్? ఇటియ్యి."

"ముట్టకు."

"సరే, ముట్ట. డ్యూటీ నడుమల ఎందుకొచ్చినవ్? ఏమైంది?"

"నీకు తెల్వదా?"

"నువ్వు చెప్పు."

"ఒకామె బాత్రూముకొచ్చింది. చేతులు కడుక్కుంటందుకు బంగారు గాజు తీసిందంట. బయటికి పోయినంక గాజు లేదని లొల్లి. లోపట ఉన్నది నేనొక్కదాన్నే. మా సూపర్‌వైజర్ అందరి ముంగట నా సంచి బోర్లిచ్చిండు. టిఫిన్ డబ్బ, తువ్వాల, బీపీ గోలీలు. గోలీల డబ్బ గుడ మూత తీసి చూసిండు."

"థూ!"

"చుట్టూ జనం. ఫోన్లు లేపి తీస్తుండ్రు. ఒక్కలన్న ఏందమ్మా అని అడగలే."

"గాజు?"

"ఆమె సంచిలనే దొరికింది. అడుగున, పౌడర్ డబ్బ కింద. సారీ అన్నది, విమానమెక్కి పోయింది."

"దొరికింది గదా! మరింకేంది? సూపర్‌వైజర్ ఏమన్నడు?"

"ఇంటికి పో, పిలిచినప్పుడు రా అన్నడు. గీ వీడియో పెద్దసార్లు చూస్తే పిలుస్తడా?"

"నేనొస్త రేపు. దొరికిందని అందరికి చెప్దాం."

"ఎవ్వలకు చెప్తవ్? నేను బస్సు దిగకముందే ఫోన్లళ్ల వచ్చింది. మొకం మసక చేసిన్రు గని, నా నడక తెల్వదా గీ గల్లీకి? కిరాణం సోమయ్య చక్కెర పొట్లం గల్ల మీద పెట్టిండు, చేతికియ్యలే. ఎదురింటి చంద్రమ్మ నన్ను చూసి తలుపేసుకున్నది."

"చంద్రమ్మత్త గుడనా? ఆమె పొద్దుగాల పేపర్ చదువుతది గదా?"

"పేపర్ బంజేసి చాన్నాళ్లాయె. పేపర్ రేపొస్తది, ఫోన్ల గీ చానెల్ వార్త ఇప్పుడే వస్తదంటది. చాయ తాగుకుంట గిదే, కూర తరుగుకుంట గిదే. గల్లీల అందరు గిదే చూస్తుండ్రు."

"గలీజోళ్లు! శవాల మీద పేలాలేరుకునేటోళ్లు!"

"ఎవ్వలను తిడుతున్నవ్?"

"చానెలోళ్లను."

"గాజు దొరికిందని గుడ చెప్తరా మరి?"

"చెప్పరు. అడిగిన. దొంగ గాదని చెప్పుమన్న, లేకుంటే జర ఆ వీడియో అన్న తీసెయ్యుమన్న. ఇంతమంది చూస్తుంటే ఎట్ల తీస్తరన్నడు. దొంగ గాదంటే ఎవడు చూస్తడన్నడు."

"ఎవలన్నరు?"

"ఎవలో ఒకలు. ఆ ఫోన్ ఇటియ్యమ్మా."

"జెన్నీ, ఎవలన్నరు?"

"మా సారు."

"ఊఁ."

"నీళ్లు తాగుతవా అమ్మా? పొద్దటి సంది ఏమన్న తిన్నవా? ఉండు, అన్నం పెడత."

"కూసో. నాకు పేపర్ చదువరాదు. టీవీల అరుపులింటే తలకాయ నొస్తది. మరి దినాం బువ్వ తినుకుంట గీ ఒక్క చానెలే ఎందుకు పెడుతనో ఎరికేనా? నా బిడ్డ గొంతు ఇనొచ్చని. ఎవలు సచ్చినా, ఎవలు చెడినా నాకు పట్టలే. నా బిడ్డ ఎంత సక్కగ చదువుతుందో అని మురుసుకుంట కూసున్న."

"అమ్మా..."

"'చీపురు పట్టిన చేతికి బంగారు గాజు కావాల్నట.' ఎంత గట్టిగ అన్నవే! చివర్ల నవ్వినవ్ గుడ."

"నవ్వుమని రాసిచ్చిన్రు. నేను చదివిన కాయితంల పేరు లేదు. చదువుడు అయినంకనే వీడియో చూసిన, చూసుడుతోనే సారును అడిగి ఉరికొచ్చిన. ప్రభువు తోడమ్మా, అది నువ్వని తెలిస్తే చదువుదునా?"

"ఇంకొకల అమ్మయితే చదువొచ్చునా, బిడ్డా?"