ఆరు ప్రశ్నార్థకాలు

"కూర్చో తమ్ముడూ, కూర్చో. నువ్వలా నిలబడి మేడ వైపు గుడ్లప్పగించి చూస్తే సర్వరు తొందరగా లేస్తుందా? నేనే స్వయంగా దాన్ని ఆపి, మళ్ళీ మొదలుపెట్టి కిందికి దిగాను. ఒక్క గ్లాసు టీ తాగేలోపు అదే లేస్తుంది. లేచిందంటే పేర్లన్నీ వచ్చేసినట్టే."

అన్నది జావా గారు. ఎదురుగా ఉన్న ల్యాబుకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన మనిషి. ఆయన ప్రోగ్రాములు రాసే భాష జావా. నోరు తెరిస్తే ఆ మాటే వస్తుంది కాబట్టి ల్యాబులో అందరూ ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు. గేటు ముందు టీ బండి, దాని పక్కన రెండు బెంచీలు. ఒకదాని మీద జావా గారు, ల్యాబు కౌంటర్లో పేర్లు ఎక్కించే మేడం. రెండోదాని అంచున ఒక లారీ డ్రైవరు.

డ్రైవరు చెల్లెలు నాలుగు వీధుల అవతల ఆస్పత్రిలో, పొద్దుట్నుంచి ఏమీ తినకుండా మంచం మీద ఉంది. మెడ మీద గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్షకి ఈ ల్యాబుకే వచ్చింది. రిపోర్టు చెడ్డదైతే ఇవాళే ఆపరేషను, మంచిదైతే ఇంటికి. ఒంటిగంట దాటితే ఆ డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోతాడు, మళ్ళీ రెండు వారాల దాకా రాడు. లోపల రిపోర్టులు రెండు సిద్ధంగా ఉన్నాయి. ఇద్దరూ ఆ డాక్టరు పంపిన ఆడవాళ్ళే, ఇద్దరికీ నలభై రెండేళ్ళే. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. రెండింటి మీదా పేరుండాల్సిన చోట ఆరు ప్రశ్నార్థకాలు. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రోజులే అయింది, పేరూ వయసూ నంబరూ తప్ప అందులో ఇంకేమీ ఎక్కించలేదు. నంబరున్న రసీదు ఆస్పత్రి హడావిడిలో ఎక్కడో పోయింది. అప్పటికి టైము పన్నెండుంబావు.

"నీ కంగారు నాకు తెలుసు తమ్ముడూ. కానీ ఇది నాకొక లెక్కా? మొదట్లో ఒక లైబ్రరీ వాళ్ళు పిలిచారు. చిన్న పనే, గొప్ప చెప్పుకోకూడదు. సభ్యుల పేర్లు తెలుగులో కొడుతున్నారు, అవతల ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. అప్పటికే నలుగురు ఇంజనీర్లు వచ్చి తల పట్టుకుని వెళ్ళిపోయారు. నేను గుమ్మంలో నిలబడే చెప్పాను, మీ ఫారం చదివేవాడికి తెలుగు రాదయ్యా అని. అంతే కదా మేడం? మీరు కౌంటర్లో ఒక్క తెలుగు అక్షరం కొడితే అది మూడు ముక్కలై తీగలో ప్రయాణం చేస్తుంది. యూటీఎఫ్-ఎయిట్ అంటాం దాన్ని. అవతల జావా ప్రోగ్రాం ఆ మూడింటినీ కలిపి ఒకే అక్షరంగా చదవాలి. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పకపోతే? పాత అలవాటు ప్రకారం ఇంగ్లీషు అక్షరాల పట్టిక ముందేసుకుని ఒక్కో ముక్కనీ ఒక్కో అక్షరంగా చదవబోతుంది, పట్టికలో దొరకని ప్రతి ముక్క చోటా ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. అందుకని గుమ్మంలో ఒక కాపలావాణ్ణి పెట్టాలి. ఫిల్టర్ అంటారు. వస్తున్నది యూటీఎఫ్-ఎయిట్, అలాగే చదువు అని వాడు ముందుగానే చెప్తాడు. ఒక్క లైను! రాసేసి బయటికొస్తే నన్ను దింపిన ఆటో ఇంకా మలుపు కూడా తిరగలేదు."

"ఇన్నాళ్ళూ మీరు చెప్పేది తాగే జావ అనుకున్నాను సార్," అన్నాడు టీ ఆయన.

"నీ టీ తాగినవాడెవడికైనా ఆ అనుమానమే వస్తుందిలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లైబ్రరీ సంగతి విని మున్సిపాలిటీ వాళ్ళు కారు పంపారు. ఊరు మొత్తం పేర్లు, పదహారు వేలు, ఒకే కంప్యూటర్లో. వాళ్ళు ఫిల్టరు పెట్టుకున్నారు, అయినా ప్రశ్నార్థకాలే. ఎందుకంటావు? దాని ముందు ఇంకో ఫిల్టరు దూరింది. ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు అని చిట్టా రాసుకునే రకం. అది పేరుని ఒక్కసారి చదివేసిందా, ఇక అంతే సంగతులు. వెనకవాడు ఎంత మొత్తుకున్నా జావా మళ్ళీ చదవదు. నాకెలా తెలిసిందనుకున్నావు? చిట్టా చూళ్ళేదు, కోడు తెరవలేదు. సర్వరు పెట్టెకి చెవి ఆనించాను. తెలుగు అక్షరం నడిస్తే మూడడుగులు వినపడాలి, టక్, టక్, టక్. అక్కడ ఒక్కటే వినపడుతోంది."

"అడుగులు వినపడ్డాయా?" అంది మేడం.

"మీకు వినపడదు మేడం. ఇది ఇరవై ఏళ్ళుగా కాయకాచిన చెవి."

డ్రైవరు ముందున్న టీ మీద మీగడ కట్టింది. అతను గ్లాసు ముట్టుకోలేదు. "సార్, పైకి వెళ్ళి ఒకసారి చూసొద్దామా? పన్నెండున్నర కావస్తోంది."

"వద్దు వద్దు, లేచే సర్వరుని మధ్యలో కదపకూడదు. విను. నేను వెళ్ళేసరికే వ్యవహారం చెయ్యి దాటిపోయింది. ప్రశ్నార్థకాలు కంప్యూటర్లో ఇమడక బయటికొచ్చేశాయి. ముందు ప్రింటర్లోంచి కాగితాల మీదికి, కాగితాల మీంచి గోడల మీదికి, గోడల మీంచి బోర్డుల మీదికి. నేను కళ్ళారా చూశాను. పొద్దున బట్టల కొట్టు బోర్డు మీద నిక్షేపంలాంటి పేరుంది, మధ్యాహ్నానికి ఎనిమిది ప్రశ్నార్థకాలు. బస్సు నుదుటి మీద ఊరి పేరు పోయింది, ఎటు పోవాలో తెలీక ఆ బస్సు డీజిలు అయిపోయేదాకా ఒకటే వీధి చుట్టూ తిరిగింది. బళ్ళో టీచరమ్మ హాజరు పిలిస్తే ప్రతి పేరూ ప్రశ్నార్థకమే, నలభై మంది పిల్లలూ ఒక్క గొంతుతో 'వచ్చానండీ' అన్నారు, రానివాళ్ళకి కూడా హాజరు పడింది. పోస్టుమాను సంచీ నడిబజార్లో బోర్లించి, ఎవరికి నచ్చిన ఉత్తరం వాళ్ళు తీసుకోండి బాబూ అని దణ్ణం పెట్టేశాడు. సాయంత్రానికి జనం సొంత పేర్లు మర్చిపోయారు!"

"మరి ఇంట్లో ఎలా పిలుచుకున్నారు?" టీ ఆయన వడపోత ఆపేశాడు.

"అదీ అడగాల్సిన మాట! ఇళ్ళల్లో మటుకు ఏ గొడవా లేదు. పెళ్ళాం 'ఏవండీ' అంటే మొగుడు పలికాడు. పిన్ని, బాబాయి, వదిన, మరిది, వీటిని ఎవరూ కంప్యూటర్లో ఎక్కించలేదు కదా, చెక్కు చెదరలేదు. వీధిలోకొస్తేనే చిక్కు. ఒక పిల్ల చివరింటి ముందు నిలబడి 'అన్నయ్యా' అని పిలిచిందట, ఊళ్ళో మగాళ్ళందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. వీధిలో దుమ్ము లేచిపోయింది."

డ్రైవరు ఫోను మోగింది. అతను చెవి దగ్గర పెట్టుకోకముందే అవతలి గొంతు బెంచీల దాకా వినపడింది. "అన్నయ్యా, వచ్చిందా? నర్సు మళ్ళీ అడుగుతోంది. డాక్టరు గారు కారు తీయమన్నారట."

"వస్తోందమ్మా. పేరొక్కటే ఆలస్యం. నువ్వు కంగారుపడకు," అన్నాడు. ఫోను పెట్టేసి అందులో టైము చూసుకున్నాడు. పన్నెండూ ముప్ఫై అయిదు.

జావా గారు ఆ ఫోను వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు. మాటల వేగం ఇంకా పెంచారు.

"భయపడకు తమ్ముడూ, అసలు పట్టు ఇక్కడే ఉంది! నేను స్క్రూడ్రైవరు తెప్పించి సర్వరు మూత విప్పాను. మూత లేపానో లేదో, లోపల ఇరుక్కుపోయిన అక్షరాలు బుస్సున పొంగాయి. మోకాళ్ళ లోతు! అదీ అక్షరాలు అక్షరాలుగానా? దేనికదే విడిపోయి! తలకట్లు ఊడిపోయి హల్లులన్నీ బోడిగుండ్లతో నిలబడ్డాయి. సున్నాలు మెట్ల మీంచి దొర్లుకుంటూ వీధిలోకి పోయాయి, పిల్లలు వాటితో ఆడుకుంటున్నారు. కాలు తీసి కాలు వేస్తే వత్తులు. కొమ్ములు పొడుచుకుని నా పిక్కలు రక్తాలోడాయి, కావాలంటే మచ్చ చూపిస్తాను."

"చూపించండి," అంది మేడం.

"ప్యాంటు బిగుతు మేడం, పైకి రాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరంతా వరసలో నిలబడ్డారు, పదహారు వేల మంది. నేను కుడిచేత్తో హల్లు, ఎడమచేత్తో తలకట్టు, కాలి వేళ్ళతో దీర్ఘం, పళ్ళతో సున్నా. టక్కున పేరు అతికించడం, మనిషి చేతిలో పెట్టడం, తర్వాతివాడు. ఒక్కొక్కరు పేరు అందుకోగానే ఎలా ఏడ్చారనుకున్నావు! ఒక ముసలాయనకి ఆయన పేరు ఎనభై ఏళ్ళ కిందటి ముద్దుపేరుతో సహా ఇచ్చాను. పొరపాటున ఒకావిడకి దీర్ఘం ఎక్కువ పడితే, ఆవిడ పేరుతో పాటు ఆవిడ కూడా జానెడు పొడుగు పెరిగింది. రెండు గంటల్లో పదహారు వేల పేర్లు! అన్నీ అయ్యాక నేల మీద ఒక్క బండి ర మిగిలింది. ఎవరిదని అడిగితే ఎవరూ పలకలేదు. ఈ కాలంలో ఎవరు వాడతారు? జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను."

"పట్రండి సార్, చూస్తాం," అన్నాడు టీ ఆయన.

"నిన్ననే మా ఆవిడ ఇల్లు తుడుస్తూ పారేసింది."

టీ ఆయన నవ్వాడు. మేడం కూడా నవ్వబోయి ఆగిపోయింది, ఎందుకంటే డ్రైవరు లేచి వచ్చి జావా గారి ఎదురుగా నిలబడ్డాడు. కోపంగా లేడు. చేతులు కట్టుకుని, ఆఫీసరు ముందు నిలబడినట్టు వినయంగా ఉన్నాడు.

"సార్, పదహారు వేల పేర్లు తెచ్చారు కదా. మా చెల్లిది ఒక్కటి తెండి."

మేడ మీద కిటికీలోంచి ఎవరో తల బయటపెట్టి, "జావా గారూ, సర్వరు లేచి చాలాసేపైంది! అవే ప్రశ్నార్థకాలు!" అని అరిచారు.

"రావు తమ్ముడూ," అన్నారు జావా గారు, చాలా నెమ్మదిగా. "అక్షరాల స్థానంలో పిచ్చి గీతలు పడి ఉంటే, ముక్కలు లోపలే ఉన్నట్టు. ఎలాగో అతకొచ్చు. ప్రశ్నార్థకం పడిందంటే, అక్షరాన్ని పారేసి ఆ ఖాళీలో అది పెట్టినట్టు. లోపల ఏమీ లేదు. నేను పొద్దున చేసిన మార్పు ఇక మీదట ఎక్కించే పేర్లకే."

"ఆ సంగతి మీకు పొద్దున్నే తెలుసా?" మేడం గొంతు మారింది.

"తెలుసు. నువ్వలా నిలబడి ఉంటే నీతో చెప్పడానికి నోరు రాలేదు తమ్ముడూ. భయమేసింది."

"ల్యాబుకి ఇచ్చేముందు సరిచూసుకోలేదా సార్?" అన్నాడు డ్రైవరు.

"చూశాను. పేరు కొట్టి చూశాను, చక్కగా వచ్చింది." జావా గారు తల వంచుకున్నారు. "ఏబీసీ అని కొట్టాను."

తెలుగువాడు, తెలుగువాళ్ళ పేర్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్ రాసి, ఒక్క తెలుగు అక్షరం కొట్టి చూడలేదు. టీ ఆయన స్టవ్వు తగ్గించాడు.

మేడం మాత్రం అప్పటికే లేచింది. "వచ్చినవాళ్ళు రాసిచ్చిన ఫారాలు స్టోర్‌రూం బీరువాలో ఉన్నాయండీ! ప్రతిదాని మీదా నంబరు వేశాను. పేర్లన్నీ కంప్యూటర్లోనే వచ్చేస్తాయని ఈయన అంటే, ఎందుకులే అని తీయలేదు. ఈ కోతలు వింటూ అరగంట కూర్చున్నాను, నన్ననాలి!" అంటూనే చెంగు దోపుకుని గేటులోకి పరిగెత్తింది.

డ్రైవరు గేటు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. పన్నెండూ నలభై అయిదు. జావా గారు బెంచీ మీద చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పన్నెండూ యాభై మూడుకి మేడం రెండు ఫారాలూ రెండు రిపోర్టులూ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

డ్రైవరు మొదటి ఫారం చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోది చూడగానే వేలు పెట్టాడు. "ఇది నేను రాసిందే."

మేడం ఫారం మీది నంబరూ రిపోర్టు మీది నంబరూ పక్కపక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. ఒక్కో అంకె పైకి చదువుతూ మూడోసారి చూసింది. "మంచిదేనండీ. ఏ భయమూ లేదు. ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు."

అతను ఫోను తీసి, "ఏదైనా తినమ్మా," అన్నాడు. బెంచీ మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. టీ ఆయన చల్లారిన గ్లాసు తీసేసి, వేడిది పెట్టాడు.

జావా గారికి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు గొంతూ లేచింది. "చెప్పానా లేదా? పేరు దొరుకుతుందని చెప్పానా లేదా? ఇక మీదట ఏ రోడ్డు మీద ఎవడు అడిగినా చెప్పు తమ్ముడూ, ఒకాయన టీ తాగుతూ తాగుతూ మా చెల్లెలి పేరు వెతికి నా చేతిలో పెట్టాడని!"

డ్రైవరు తువ్వాలు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అలాగే చెప్తాను సార్. ఇంతకీ మా చెల్లి పేరేంటి?"

జావా గారు మేడం వైపు చూశారు. ఫారం ఆవిడ చేతిలో మడిచి ఉంది. పొద్దుట్నుంచి ఆయన ఆ పేరు ఒక్కసారి కూడా అడగలేదు. టీ ఆయన కూడా ఈసారి నవ్వలేదు.

మేడం మడిచిన ఫారం విప్పి ఆయన చేతిలో పెట్టింది. "ఈ పేరు మళ్ళీ ఎక్కించాలి. పైకెళ్ళి కొట్టండి, తెలుగులో." రెండో ఫారం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆ చెడ్డ రిపోర్టు ఎవరిదో ఇప్పుడు తెలిసింది, ఆ పేషంటుకి ఇంకా తెలీదు. డాక్టరు వెళ్ళడానికి అయిదు నిమిషాలుంది. మేడం ఆ ఫారం మీద రాసున్న ఫోను నంబరుకి కాల్ చేసింది.