పాప తలలో పొగ వాసన

"పిన్నీ, సాంబ్రాణి గిన్నె తీసుకెళ్ళి బయట పెట్టేశావేంటి? పాప తల ఇంకా తడిగానే ఉంది."

పెట్టేశాను. కోపం తెచ్చుకోకమ్మా సునీతా. తువ్వాలుతో తుడువు, ఆరుతుంది. మూడు నెలల పిల్లకి ఎంత జుట్టుంటుందని.

ఎందుకో చెప్తాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు ఈ మాట. సొంత అక్క, దానికే చెప్పలేదు.

మా స్నేహకి అప్పుడు రెండేళ్ళు. కాదు, నిండలేదు, ఆ క్రిస్మస్‌కి నిండుతాయి. హనుమాన్ జంక్షన్ అవతల ఊళ్ళో ఉండేవాళ్ళం కదా, రెండెకరాలు కౌలు. మా ఊళ్ళోకి కోత మిషను వచ్చిన మొదటి ఏడు. అంతకుముందు చేత్తో కోసేవాళ్ళం, కుప్ప వేసి నూర్చేవాళ్ళం, గడ్డి వామి వేసేవాళ్ళం. గేదెలకి ఏడాదంతా అదే. మా మామగారైతే ఒక్క పరక పోనిచ్చేవారు కాదు. మిషను వచ్చాక గడ్డి ముక్కలు ముక్కలై చేనంతా పడింది. ఎవరు ఏరతారు? మొక్కజొన్నకి అదను దాటిపోతోంది. అందరూ అగ్గి పెట్టారు. మీ బాబాయి కూడా. "మనొక్కళ్ళం ఆగితే పొగ ఆగుద్దా" అన్నారు. నిజమే కదా అనుకున్నాను నేనూ.

చలికాలం కదా, పొగ పైకి పోలేదు. మంచుతో కలిసి ఊళ్ళోనే పడుకుంది. ఆరేసిన బట్టల మీద మసి. రెండో రోజుకి పిల్లకి ముక్కు కారడం, దగ్గు. చలి చేసిందనుకున్నాను. కిటికీలు మూసి, సందుల్లో పాత చీర ముక్కలు కుక్కాను, పొగ రాకూడదని. తలుపూ వేశాను. వేసి ఏం చేశానో తెలుసా? వేడినీళ్ళు పోసి, నిప్పుల మీద ఇంత సాంబ్రాణి వేసి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని తలకి పట్టించాను. మా అత్తయ్య వేయమనలేదు, వద్దనీ అనలేదు. జలుబు చేస్తే అంతే కదా మనకి. దగ్గు ఎక్కువైంది. ఇంకొంచెం వేశాను.

అవునమ్మా. ఇంకొంచెం.

కాసేపటికి డొక్కలెగరేస్తోంది. పిల్లికూతలు. ఏడవడానికి నోరు తెరుస్తోంది, గొంతు రావడం లేదు. మీ బాబాయి ఆటో తెచ్చారు. రోడ్డుకి అటూ ఇటూ చేలు తగలబడుతూనే ఉన్నాయి. పట్టపగలు లైటు వేసుకుని నడిపాడు ఆటో అతను. పిల్ల మొహం మీద కొంగు కప్పాను. కప్పితే ఊపిరాడదేమోనని తీశాను. కప్పడం, తీయడం. జంక్షన్‌లో కారు మాట్లాడుకుని బెజవాడ వెళ్ళేదాకా అదే పని నాకు.

ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. డాక్టరమ్మ అడిగారు, "ఇంట్లో పొగ ఏమైనా ఉందా అమ్మా?" అని.

"లేదండీ. కట్టెల పొయ్యి కూడా లేదు, గ్యాసే. చేలల్లో పొగండీ" అన్నాను.

అబద్ధం కాదు సునీతా. సాంబ్రాణి కూడా పొగేనని నాకు తట్టనే లేదు. ఆవిడ వంగి పిల్ల తల వాసన చూశారు. నా వంక చూశారు. తిట్టలేదు, మెల్లగానే అన్నారు. "ఇదీ పొగేనమ్మా. గడ్డి పొగకే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయి. తలుపులేసి మీరు ఇంకాస్త పట్టించారు."

మీ బాబాయి అప్పుడు మందులు తేవడానికి కిందికి వెళ్ళారు. వినలేదు.

పైకొచ్చి, వరండాలో గోడకి ఆనుకుని, "నా చేత్తో నేనే అగ్గి పెట్టాను కదే" అని ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. నేను చెప్పాలి కదా. తర్వాత చెప్దామనుకున్నాను. నాలుగో రోజు పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. బతికింది కదా, ఇంక ఎందుకులే అనుకున్నాను.

ఆయన మళ్ళీ చేలో అగ్గి పెట్టలేదు. ఒక్కళ్ళే గడ్డి పోగేసి మోసేవారు. "ఏమయ్యా, గడ్డిక్కూడా బాప్తిస్మం ఇస్తావా" అని నవ్వేవాళ్ళు ఊళ్ళో. పట్టించుకునేవారు కాదు. స్నేహ ఇప్పుడు పదో తరగతి. పీల్చే మందు సంచిలో లేకుండా స్కూలుకి వెళ్ళదు. అది దగ్గితే చాలు, ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచిపోతారు. వినలేరు. నేను... నేను కూర్చునే ఉంటాను. చూస్తూ.

నీకు చెప్పేస్తే తేలికవుతుందనుకున్నా. కాలేదు. చెప్పాల్సింది నీకు కాదు కదా.

ఇంకో గంటలో వస్తారు ఈయన. నువ్వు అప్పుడే వెళ్ళిపోకమ్మా. పాపని ఇలా ఇవ్వు, నేనెత్తుకుంటా. చూడు, ఎంత హాయిగా పీలుస్తోందో, చప్పుడే లేదు. ఇలాగే ఉండు తల్లీ, నూరేళ్ళూ ఇలాగే...

సునీతా, మీ బాబాయితో మొదట ఏమని మొదలుపెట్టమంటావు?