ఊరికే ఇచ్చిన క్యాబేజీలు

టైలరు కొట్టు తలుపు తీశాడో లేదో, క్యాబేజీలు పండించే ఆమె లోపలికి వచ్చేసింది.

“కూర్చో అక్కా, ముందు కూర్చో.”

“కూర్చునే తీరిక లేదు తమ్ముడూ. ఒక్క సంతకం. ఇదిగో, ఇక్కడ.”

“కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయా.”

“ముక్కు మీదే ఉన్నాయి.”

“ఇవా... ఇవి సూదిలో దారం ఎక్కించడానికి. చదవడానికి వేరే ఉన్నాయి.”

“అయితే నేనే చదువుతా, విను. ‘లాక్‌డౌన్‌లో ఈమె మా వీధిలో ఇంటింటికీ క్యాబేజీలు ఊరికే ఇచ్చింది, పైసా తీసుకోలేదు.’ అంతే. అబద్ధమా?”

“అబద్ధమని ఎవరన్నారు? అసలిదంతా ఇప్పుడెందుకు?”

“రైతులకి కరోనా సాయం ఇస్తున్నారుగా. నా పక్క పొలం వాడు పంటంతా దున్నేసి ఫోటో తీసుకున్నాడు. వాడి ఖాతాలో డబ్బు పడింది. నాకు ఉత్తరం వచ్చింది.”

“ఏమని?”

“నాకసలు నష్టమే లేదట. మార్కెట్ మూసేస్తే మీ వీధికొచ్చి రెట్టింపు ధరకి అమ్ముకున్నానట.”

“అయ్యో.”

“అయ్యో కాదు, సంతకం. తిన్నవాళ్ళలో ఒక్కరు రాసిస్తే చాలన్నారు ఆఫీసులో. రేపటితో గడువు సరి. ఆ డబ్బు రాకపోతే కౌలు కట్టలేను. కట్టకపోతే పొలం ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ఆసామి. పదకొండేళ్ళు చేసిన పొలం తమ్ముడూ!”

“నువ్వు కూడా దున్నేసి ఉండాల్సింది.”

“ఏమన్నావ్?”

“అంటే... ఫోటో ఉండేది కదా అని.”

“నేనూ మా ఆయనా బండి తోసుకుంటూ వచ్చాం. గడప దగ్గర రెండేసి పెట్టి, తలుపు కొట్టి దూరం జరిగేవాళ్ళం. నీకు జ్వరమని నాలుగు పెట్టాను. కిటికీలోంచి దణ్ణం పెట్టావు. గుర్తుందా?”

“గుర్తుంది, గుర్తుంది. అయినా ఊరికేం తినలేదులే. మీ ఆయనకి మాస్కులు కుట్టిచ్చాను, రెండు.”

“ఇచ్చావు. దానికీ ఓ కాగితం రాసివ్వనా?”

“కోప్పడకక్కా. ఎదురింటి పంతులమ్మని అడగకపోయావా? చదువుకున్నావిడ, ఆవిడ సంతకానికి విలువుంటుంది.”

“అడిగాను. తలనొప్పిగా ఉందట. మందుల షాపాయన లోపలే ఉండి లేనని చెప్పించాడు. చివరింటి ముసలావిడ నన్ను చూసి గడియ పెట్టుకుంది. నేనేమన్నా జబ్బు మోసుకొచ్చానా? ఆ రోజుల్లో నా కేక కోసం ఎదురుచూసిన వాళ్ళేగా వీళ్ళంతా!”

“భయం అక్కా.”

“దేనికి?”

“మాకూ ఇచ్చారుగా... సరుకుల ఖర్చని. కూరగాయలు కొనుక్కున్నామని రాసిస్తే ఆ డబ్బు తిరిగిచ్చారు. ఊరికే వచ్చాయని ఇప్పుడు సంతకం పెడితే, అంతా కక్కమంటారు.”

“ఇది నాకు తెలీదే. నువ్వూ తీసుకున్నావా?”

“పిల్లలున్నారు. కొట్టు మూసి అప్పటికి మూడు నెలలు.”

“నిన్ను తప్పు పట్టట్లేదయ్యా. తీసుకున్నావు, పిల్లలకి పెట్టుకున్నావు, పోనీ. సంతకం కూడా వద్దులే. నేను అమ్మానని చెప్పిందెవరో ఆ పేరైనా చెప్పు. నీకు తెలుసు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది.”

“నాకేం తెలుసు?”

“తెలుసు. రెట్టింపు ధరట! ఆ రాసిన చెయ్యి పడిపోను!”

“తిట్టకక్కా. కొట్లన్నీ మూసుంటే ఎవరి దగ్గర కొన్నామని రాయాలి? వీధిలోకి వచ్చింది నువ్వొక్కదానివే. ఎంత ఖర్చు చూపిస్తే అంతా ఇస్తామన్నారు... వీధందరి ఫారాలూ నేనే నింపాను.”